అంత్యదశ రోగుల కోసం హాస్పిస్ కట్టాలి: ప్లాను ఎక్కడ మొదలుపెట్టాలి?

గౌతమిగట్టు (ప్రశ్న)

నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో 14 ఏళ్లుగా ఆర్కిటెక్టుగా పనిచేస్తున్నాను. ఇళ్లు, కల్యాణ మండపాలు, రెండు మూడు చిన్న నర్సింగ్ హోములు చేసిన అనుభవం ఉంది. ఇప్పుడు ఒక ధర్మసంస్థ పెద్దలు, నయం కాని దశకు చేరిన క్యాన్సర్ రోగుల కోసం హాస్పిస్ కట్టాలని సంకల్పించి, ఊరి శివారున దాత ఇచ్చిన ఎకరం ఇరవై సెంట్ల స్థలం చూపించి, ప్లాను గీయమన్నారు. 30 పడకలు, మూడు అంతస్తులు, లిఫ్టు, ముందు పెద్ద పోర్టికో, వెనుక దక్షిణం వైపు పార్థివ దేహాలను తీసుకెళ్లేందుకు వేరే గేటు: ఇదీ వారి మనసులో ఉన్న రూపం.

నర్సింగ్ హోము గీసేటప్పుడు నాకు దారి చూపిన ప్రశ్నలేవీ ఇక్కడ అక్కరకు రావడం లేదు. ఆపరేషన్ థియేటర్ లేదు, ఐసీయూ లేదు, రోగి ఎన్నో రోజున డిశ్చార్జి అవుతాడన్న లెక్క లేదు. వచ్చినవారిలో చాలామంది ఇక్కడి నుంచే వెళ్లిపోతారు. అలాంటి చోట ఎవరికి ఎవరికి మధ్య గోడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

ముఖ్యంగా మూడు సందేహాలు. ఒక్కొక్కరికి ఒక్కో గది ఇవ్వడం మేలా, నలుగురు కలిసి ఉండే వార్డు మేలా? ఆఖరి గడియల్లో ఉన్నవారి కోసం విడిగా ఒక గది పెట్టాలా? దక్షిణపు గేటు విషయంలో పెద్దల మాట విని ఊరుకోవాలా? ఈ పని దగ్గరగా చూసినవారు, రోగి పక్కన కూర్చున్నవారు ఎవరు చెప్పినా శ్రద్ధగా వింటాను.

మండువా

మీ మూడు ప్రశ్నలకు ముందు ఒక పని చెబుతాను. గీత గీయకముందే ఒక మడత మంచం ఆ స్థలంలోకి తీసుకెళ్లి, దాని మీద అరగంట వెల్లకిలా పడుకోండి. మన వృత్తిలో అందరం గదిని నిలబడినవాడి కంటితో గీస్తాం. హాస్పిస్‌లో ఉండే మనిషి కన్ను నేలకు రెండున్నర, మూడు అడుగుల ఎత్తులో ఉంటుంది, రోజంతా అక్కడే ఉంటుంది. మన అలవాటు కొద్దీ మూడడుగుల ఎత్తున సిల్లు, అంటే కిటికీ కింది గట్టు, వేసి, దాని మీద దట్టంగా గ్రిల్లు బిగిస్తే, ఆయనకు కాసింత ఆకాశం తప్ప చెట్టు మొదలు గాని, నడిచి వస్తున్న మనవడు గాని కనిపించరు. సిల్లును అడుగున్నరకు, మరీ తప్పకపోతే రెండడుగులకు దించండి. పడక తలాపు గోడకు, పక్క కిటికీకి ఉండేలా చూడండి, లేకపోతే వెలుతురు సూటిగా కళ్లలో పడుతుంది.

కిటికీ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఆధునిక హాస్పిస్‌కు మొదటి విరాళమే ఒక కిటికీ పేరు మీద వచ్చింది. 1948లో లండన్‌లో డేవిడ్ టాస్మా అనే పోలండ్ యూదు శరణార్థి క్యాన్సర్‌తో మరణిస్తూ, తన మంచం పక్కన కూర్చుని మాట్లాడుతూ వచ్చిన సిసిలీ సాండర్స్‌కు 500 పౌండ్లు వదిలిపెట్టి, మీరు కట్టబోయే ఇంట్లో నేనొక కిటికీనవుతానని చెప్పాడు. ఆ ఇల్లు లేవడానికి మరో 19 ఏళ్లు పట్టింది. 1967లో దక్షిణ లండన్‌లోని సిడెన్‌హామ్‌లో తెరుచుకున్న సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ అదే. నర్సుగా, ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తగా, ఆ తర్వాత చదువుకుని వైద్యురాలిగా పనిచేసిన సాండర్స్, చనిపోతున్న మనిషి నొప్పిలో శరీరపు బాధతో పాటు మనసుది, కుటుంబానిది, ఆత్మది కూడా కలిసి ఉంటాయని చెప్పి దానిని సంపూర్ణ వేదన అన్నారు. మాత్ర మొదటిదానికి పనిచేస్తుంది. మిగిలిన మూడింటి విషయంలో గది కూడా కొంత మేలు చేయగలదు, కొంత కీడూ చేయగలదు.

కిటికీ గురించి అందరూ ఎత్తిచూపే పరిశోధన మరొకటి ఉంది. 1984లో రోజర్ ఉల్రిచ్, పిత్తాశయం తీయించుకున్న రోగుల్లో చెట్లు కనిపించే గదుల్లోని 23 మందిని, ఇటుక గోడ మాత్రమే కనిపించే గదుల్లోని 23 మందితో పోల్చి, మొదటివారు త్వరగా ఇంటికి వెళ్లారని, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారని చూపించారు. అయితే వారంతా కోలుకుని ఇంటికి వెళ్లేవారన్న సంగతి మరచిపోకూడదు. ఆ లెక్కను తెచ్చి హాస్పిస్ దాతల ముందు పెట్టడం నాకు సమ్మతం కాదు. కళ్లు తెరిస్తే చెట్టు కనిపించాలని చెప్పడానికి లెక్క ఎందుకు?

మూడు అంతస్తుల ఆలోచన మాన్పించండి. ఎకరం ఇరవై సెంట్లంటే 52 వేల చదరపుటడుగుల పైమాట. పడకకు 600 చదరపుటడుగులు వేసుకున్నా 30 పడకలకు 18 వేలు సరిపోతాయి. అంత స్థలం పెట్టుకుని రోగిని మూడో అంతస్తుకు ఎక్కించడం ఎందుకు? నేల మీద ఉంటే మంచాన్ని చక్రాల మీద తోసుకుంటూ వసారాలోకి, చెట్టు కిందికి తీసుకురావచ్చు. అందుకోసం వార్డు తలుపు నాలుగడుగులకు తగ్గకుండా, వసారా ఎనిమిదడుగులకు తగ్గకుండా ఉండాలి. ఏడడుగుల మంచం మలుపు తిరగాలంటే ఆ మాత్రం కావాలి. గడపలు వద్దు. నేల ఎత్తు మారిన ప్రతి చోటా ఒకటికి పన్నెండు వాలుతో ర్యాంపు ఇవ్వండి.

బెంగళూరులో 1999లో మొదలైన కరుణాశ్రయ హాస్పిస్‌ను వీలైతే ఒకసారి చూసి రండి. సంజయ్ మోహే రూపకల్పన చేసిన ఆ కట్టడాలు ఎత్తు తక్కువగా, నీటి కొలను చుట్టూ అల్లుకుని ఉంటాయి, ఆసుపత్రికి వచ్చామన్న భావన కలగదు. అయితే ఆ కొలనును మాత్రం రాజమహేంద్రవరానికి తేకండి. బెంగళూరు చలిగాలిలో అది అందం, గోదావరి జిల్లాలో దోమల పెంపకం. మనకు మండువా ఉంది. నాలుగు వైపులా వసారా, నడుమ ఆకాశం, వానాకాలంలో మధ్యలో పడే జల్లు, ఇవన్నీ ఈ ప్రాంతపు ముసలివారికి పుట్టింటి జ్ఞాపకాలు. అలాంటి రెండు మండువాలు పెట్టి, ఒక్కొక్క దాని చుట్టూ పడకలు సర్దితే వార్డు పొడవాటి నడవాగా మారదు.

ఇక ఎండ. మే నెలలో మీకు పడమటి వడగాలి, మధ్యాహ్నం తర్వాత పడమటి ఎండ. పడకలు తూర్పు వైపు పెట్టి, పడమటి వైపు స్టోరు, లాండ్రీ, స్నానాల గదులు వరుసగా పెడితే అవే గొడుగు పడతాయి. ఏసీ విషయంలో తొందరపడకండి. ఒళ్లు హరించిపోయిన మనిషికి, మనకు హాయిగా అనిపించే చల్లదనం వణుకు పుట్టిస్తుంది. అదే సమయంలో ఆయాసపడేవారికి ముఖం మీద తగిలే గాలి నిజంగా ఉపశమనం ఇస్తుంది. అందువల్ల ప్రతి పడకకూ విడిగా గోడ ఫ్యాను, దాని స్విచ్చు రోగి చేతికి అందేలా. సీలింగు ఫ్యానుకు పైన ట్యూబులైటు పెట్టే పొరపాటు ఎంతమంది చేస్తారో చెప్పలేను. రెక్కల నీడ కొట్టుకుంటూ ఉంటే వెల్లకిలా పడుకున్నవారికి కళ్లు మూసుకోవడం తప్ప దారి ఉండదు. రోగి చూసే గోడ సీలింగే, దీపాలన్నీ పక్క గోడలకు మార్చండి.

చివరగా, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అరుగు. మన దేశంలో రోగి ఒక్కడే ఆసుపత్రిలో చేరడు. ప్రతి పడకకూ ఒక భార్యో, కొడుకో, చెల్లెలో ఉంటారు, వారు మంచం కింద చాప వేసుకుని పడుకుంటారు. కిటికీ కింద ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తుతో అరుగు కట్టించి, దాని కింద సామాను పెట్టుకునే అర ఇవ్వండి. పగలు కూర్చోవడానికి, రాత్రి పడుకోవడానికి అదే చాలు. మీ 30 పడకల భవనం నిజానికి 60 మంది నివసించే ఇల్లు అని లెక్క వేసుకుంటే మరుగుదొడ్లు, బట్టలు ఆరేసుకునే తీగలు, వంటచోటు ఎన్ని కావాలో తెలుస్తుంది.

రాత్రిడ్యూటీ

నేను, నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ వార్డులో 11 ఏళ్లుగా నర్సుగా ఉన్నాను. పైన చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, అరుగు మాట చదివి సంతోషించాను. మీరు అడిగిన రెండు ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబు రాస్తాను.

అన్నీ ఒంటరి గదులు చేయకండి. విదేశాల్లో అది మర్యాద కావచ్చు. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది జీవితంలో ఏనాడూ ఒంటరిగా గదిలో పడుకోనివారు. తలుపు మూసిన గదిలో పెడితే, నన్ను విడిగా ఎందుకు పెట్టారని అడుగుతారు. నలుగురు ఉన్న చోట ఒకరి సహాయకురాలు మరొకరికి మంచినీళ్లు అందిస్తుంది, కాఫీ తెస్తుంది, ఇంటికి వెళ్లి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉంటుంది. రాత్రి ఇద్దరమే నర్సులం ఉన్నప్పుడు ఆ సాయం చిన్నది కాదు. అలాగని అన్నీ వార్డులే చేసినా కుదరదు. నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ పుండ్లు వాసన వేస్తున్నవారు, సంధి పుట్టి రాత్రంతా కేకలు వేసేవారు, పసిబిడ్డల తల్లులు, వీరికి గది కావాలి. నలుగురి వార్డులు ఎక్కువ, ఒంటరి గదులు మూడో వంతు, ఇది నా అంచనా.

ఆఖరి గడియల కోసం వేరే గది మాత్రం దయచేసి పెట్టకండి. దానికి మీరు ఎంత మంచి పేరు పెట్టినా, వారం తిరక్కుండా వార్డులో అందరికీ అది ఏ గదో తెలిసిపోతుంది. ఆ గది వైపు మంచం కదిలిందంటే రోగి ముఖం చూడలేం. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట అలాంటి గది ఉండేది. ఒక పెద్దాయన, మూత్రపు గొట్టం మార్చడానికి మంచం కదిపినా, ఆ గదికేనా అమ్మా అని అడిగేవారు. మనిషిని కదపడానికి బదులు గోడను కదపండి. నలుగురి వార్డులో పడకల మధ్య జారుడు చెక్క తలుపులు పెడితే, అవసరమైనప్పుడు ఆ పడకే గది అవుతుంది, కిటికీ మారదు, పక్కనున్న మనిషీ మారదు.

పడకకూ పడకకూ మధ్య కనీసం ఆరడుగులు ఉండాలి. ఇందుకు వైద్యపరమైన కారణం కంటే మన ఆచారం ముఖ్యం. ప్రాణం మంచం మీద పోకూడదని, నేల మీదకు దించమని చాలా కుటుంబాలు అడుగుతాయి. చోటు లేని వార్డుల్లో ఆ మాట అనలేక, అనకుండా ఉండలేక వారు పడే యాతన చూశాను. కొందరు తల దక్షిణానికి తిప్పమంటారు. ముస్లిం కుటుంబాలు ముఖం పడమటికి, ఖిబ్లా వైపు ఉండాలంటారు. చక్రాల మంచం తిరగడానికి చోటుంటే ఇవేవీ సమస్యలు కావు. తులసి తీర్థం, జమ్ జమ్ నీళ్లు, ప్రార్థన నూనె, ఏది పెట్టుకున్నా పడక పక్కన చిన్న గూడు ఉంటే చాలు.

దీపం గురించి మాత్రం జాగ్రత్త. తలాపున దీపం పెట్టడం మనవారికి ప్రాణసమానం, పక్క పడకకు ఆక్సిజన్ నడుస్తూ ఉంటుంది. మేము బ్యాటరీ దీపం ఇస్తే కొందరు ఒప్పుకుంటారు, ఎక్కువమంది కళ్లనీళ్లు పెట్టుకుంటారు. నిజమైన దీపం పెట్టుకోవడానికి వార్డు బయట, గాలి ఆడే చోట, ఒక రాతి గూడు కట్టించండి. మా వార్డులో అలాంటిది లేక, కిటికీ సిల్లు మీద దొంగతనంగా పెట్టిన ప్రమిదలు నేనెన్ని ఆర్పానో.

పుండ్ల కట్టు మార్చే గది వేరుగా, గట్టి ఎగ్జాస్టు ఫ్యానుతో ఉండాలి. వాసనకు మెట్రోనిడజోల్ పొడి పుండు మీద చల్లుతాం, చాలావరకు తగ్గుతుంది, కానీ గాలి అటూ ఇటూ ఆడని వార్డులో ఏ మందూ చాలదు. స్నానాల గది తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోనికి తెరుచుకునే తలుపు ఆ మనిషినే అడ్డం చేసుకుంటుంది. అద్దానికి రెక్కలు పెట్టించండి. దవడ తీసేసిన మనిషికి ప్రతి ఉదయం తన ముఖం చూసుకోవాలా వద్దా అని ఎంచుకునే వీలుండాలి. పువ్వుల కర్టెన్లు, గళ్ల కర్టెన్లు వద్దు. సంధి స్థితిలో ఉన్నవారికి అవి పురుగులుగా, మనుషులుగా కనిపిస్తాయి. రాత్రి పూర్తి చీకటి కూడా వద్దు, పాదాల ఎత్తున సన్నని వెలుగు ఉంచండి, పెద్ద అంకెల గడియారం ఎదురుగా పెట్టండి.

గౌతమిగట్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆఖరి గది గురించి చదివాక, నా మొదటి స్కెచ్చులో ఆ గదిని ఎంత ముచ్చటగా, తోట వైపు తిప్పి గీసుకున్నానో చూసుకుని సిగ్గుపడ్డాను. దానిని కొట్టివేశాను. జారుడు తలుపుల మీద ఒక సందేహం: చప్పుడు, చూపు సంగతి సరే, చెక్క తలుపు ఏడుపును ఆపగలదా? దక్షిణపు గేటు గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

అద్దెఇల్లు

ఏడుపు ఆగదండీ, ఆపాలని చూడకండి. నేను వైద్యుణ్నీ కాను, ఆర్కిటెక్టునూ కాను. మూడేళ్ల కిందట హైదరాబాదులో మా అమ్మను పోగొట్టుకున్నవాణ్ని. గేటు గురించి నేను చెప్పగలను.

మేము అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. అమ్మకు ఇక రోజులే మిగిలాయని తెలిశాక, ఇంటి యజమాని నన్ను పక్కకు పిలిచి, మీ అమ్మగారికి ఏమైనా అయితే ఇంటికి తీసుకురావద్దు, మాకు శాంతులు చేయించుకోవడం, ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టడం కుదరదు అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, ధనిష్ఠా పంచకం భయం ఆయనది. పట్నంలో అద్దెకున్న ఎన్ని వేల కుటుంబాలకు ఈ మాట వినబడుతుందో లెక్క వేయలేము. అందువల్ల అమ్మ ఆసుపత్రిలోనే పోయింది. అక్కడి నుంచి స్ట్రెచరును లాండ్రీ పక్కగా, క్యాంటీన్ చెత్తడబ్బాల వెనుకగా ఉన్న దారిలో తీసుకెళ్లారు. 26 ఏళ్లు బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి, వచ్చినప్పుడు ముందు ద్వారం నుంచి నమస్కారాలతో వచ్చింది, వెళ్లేటప్పుడు మిగిలిపోయిన సాంబారు వాసనలో నుంచి వెళ్లింది. ఆ దారి నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

మీ పెద్దలు దక్షిణం యమదిక్కు అని ఆ గేటు అడుగుతున్నారని నాకర్థమైంది. దక్షిణం వైపే ఉండనివ్వండి, నాకు పేచీ లేదు. వెనక మాత్రం ఉండకూడదు. వీలైతే దక్షిణానికి కూడా ఒక ముఖం ఇవ్వండి: పూలచెట్లు, నడిచే దారి, నిలబడడానికి నీడ, అక్కడ మంచి రాతి మెట్టు. మహాప్రస్థానం వాహనం వచ్చి ఆగడానికి, వెనక్కి తిరగడానికి చోటు.

దాని పక్కనే ఒక పెద్ద గది కావాలి. శవాగారం అనకండి, దానికి ఏ పేరూ పెట్టకపోయినా ఫరవాలేదు. మా వంటి అద్దెఇళ్ల వారికి, ఊరి నుంచి బంధువులు వచ్చేదాకా ఆ ఎనిమిది, పది గంటలు ఉండడానికి ఇల్లు అదే. నేల వాలుగా, నీళ్లు పోయే తూముతో ఉండాలి, స్నానం చేయించడానికి రెండు కొళాయిలు ఉండాలి. ఫ్రీజర్ బాక్సు పెట్టడానికి జనరేటరు లైనుతో ప్లగ్గు పాయింటు కావాలి. కరెంటు పోయి, ఆ పెట్టె ఆగిపోయి, మా చిన్నాన్న వీధిలో ఐసు గడ్డల కోసం పరుగెత్తిన సంగతి ఎవరికీ వద్దు. ఆ గది వార్డులకు దూరంగా, మధ్యలో చెట్ల వరుసతో ఉంటే, మా అత్తలు శోకాలు పెట్టి ఏడవవచ్చు. ఆసుపత్రిలో అమ్మ పోయినప్పుడు వారు నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చారు.

సాంత్వనవైద్యుడు

పై సూచనలన్నీ విలువైనవే, కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను: అసలు 30 పడకలు ఎందుకు? పాలియేటివ్ కేర్ అవసరమైనవారిలో ప్రపంచం మొత్తం మీద 14 శాతం మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మిగిలినవారిని భవనాలు కట్టి చేర్చుకోలేం. కేరళలో 1993లో కోళికోడ్‌లో మొదలైన పని ఊరూరా విస్తరించింది భవనాలతో కాదు, ఇంటికి వెళ్లే నర్సులతో, ఇరుగుపొరుగు వాలంటీర్లతో. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం పాలియేటివ్ కేర్‌కు ఒక విధానమే ప్రకటించింది. తెలంగాణలో జిల్లా స్థాయిలో ప్రభుత్వ కేంద్రాలు ఉన్నాయి, అక్కడి సిబ్బంది కూడా ఇళ్లకు వెళతారు.

రోగుల్లో చాలామంది ఇంట్లోనే పోవాలని కోరుకుంటారు. ఇంట్లో నొప్పి అదుపు కాకపోవడం వల్ల, లేదా చూసుకునే మనిషి అలసిపోవడం వల్ల మన దగ్గరికి వస్తారు. మీ పెద్దలకు ఇలా చెప్పి చూడండి: 12 పడకలు, రెండు ఇంటిసేవ వాహనాలు, ఆ బృందం కూర్చుని రోగుల గురించి మాట్లాడుకునే గది, పగటిపూట వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవారికి ఒక హాలు. మిగిలిన డబ్బు అయిదేళ్ల జీతాలకు దాచండి. ప్రారంభోత్సవం అయిన రెండేళ్లకు సగం వార్డులు తాళాలు వేసి ఉన్న ధర్మ భవనాలు మనకు కొత్త కాదు.

ప్లానులో మీకు తప్పనిసరిగా కావాల్సిన చిన్న గది మరొకటి ఉంది. బలమైన నొప్పి మందు మార్ఫిన్ లేని హాస్పిస్ సత్రంతో సమానం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించాక, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దానిని తెప్పించుకోవడం మునుపటికంటే సులభమైంది. నిల్వకు రెండు తాళాల బీరువా, లెక్కల పుస్తకం, నర్సు కూర్చునే చోటి నుంచి కనిపించే తలుపు కావాలి. అర్ధరాత్రి నొప్పితో మేల్కొన్న మనిషికి ఆ బీరువా ఎన్ని అడుగుల దూరంలో ఉందన్నది పెద్ద విషయం.

గంగాతీర్థం

ఇంత హంగు అవసరమా అని నాకనిపిస్తోంది. కాశీలో ప్రాణం వదలడానికి వచ్చేవారి సత్రం ముక్తి భవన్ 1958 నుంచి నడుస్తోంది. వెల్ల వేసిన బోసి గదులు, ఒక మంచం లేదా చాప, బయట రామనామం. వైద్యం లేదు, రెండు వారాలు గడువు. అయినా ప్రజలు వెతుక్కుంటూ వస్తారు. మా పెదతాతగారు కాశీవాసం చేసి అక్కడే దేహం వదిలారు, ఆయన ఉన్న గదికి కిటికీ ఒక్కటే, అది కూడా పక్కింటి గోడ వైపు. ఆయనకు లోటు అనిపించలేదు. చావుకు సిద్ధపడిన మనసు ముందు సిల్లు ఎత్తెంత అన్న లెక్క చిన్నది.

రాత్రిడ్యూటీ

గంగాతీర్థం గారూ, మీ పెదతాతగారికి నమస్కారం. ఆయన సిద్ధపడి కాశీకి వెళ్లారు. మా దగ్గరికి వచ్చేవారు ఎవరూ సిద్ధపడి రారు. పోయిన నెలలో మా వార్డులో 34 ఏళ్ల అమ్మాయి ఉంది, ఇద్దరు పిల్లలు. ఆమెకు కావలసింది ముక్తి కాదు, సాయంత్రం బడి వదిలాక పిల్లలు గేటు దాటి రావడం మంచం మీద నుంచి కనిపించడం. అందుకే సిల్లు ఎత్తు అడుగుతున్నాం.

వైద్యుడు గారు చెప్పిన 12 పడకలకు నా ఓటు. ఒక మాట వంటగది గురించి మరిచాను. కుటుంబాలు వండుకునే వంటగది ఉండాలి, కానీ పోపు వాసన కొందరికి ఆకలి తెస్తే కొందరికి వాంతి తెస్తుంది. గాలి వార్డు మీదుగా వంటగది వైపు వెళ్లాలి, వంటగది నుంచి వార్డు వైపు రాకూడదు. స్కాట్లాండులో మొదలైన మ్యాగీస్ కేంద్రాల ఫొటోలు చూశాను. అవి హాస్పిస్‌లు కావు, క్యాన్సర్ రోగులు పగటిపూట వచ్చి కూర్చునే చోట్లు. వాటిలో రిసెప్షను బల్లకు బదులు వంటగది బల్ల మధ్యలో ఉంటుంది. 1996లో ఎడిన్‌బరోలో మొదటిది తెరిచారు. జబ్బు తిరగబెట్టిందన్న వార్త విన్న మ్యాగీ కెస్విక్ జెంక్స్, కిటికీ లేని నడవాలో కూర్చుని దానిని దిగమింగుకోవాల్సి వచ్చిందట. అప్పుడు ఆమెకు తట్టిన ఆలోచనే ఈ కేంద్రాలు. మన దగ్గర ఆ బల్ల పని అరుగు, టీ గ్లాసు చేస్తాయి. వార్త చెప్పే గదికి ఒక కిటికీ, ఆ గది నుంచి జనం మధ్యకు రాకుండా బయటికి వెళ్లే రెండో తలుపు మాత్రం పెట్టండి. ఏడ్చిన ముఖంతో క్యూ ముందు నుంచి నడిచి వెళ్లడం ఎవరికీ ఇష్టం ఉండదు.

గౌతమిగట్టు

మీ అందరి మాటలు అచ్చు తీయించి నిన్న పెద్దల ముందు పెట్టాను. 12 పడకలకు ఒప్పుకోలేదు, 16కు వచ్చారు. ఒకే అంతస్తుకు ఒప్పుకున్నారు, లిఫ్టు ఖర్చు మిగులుతుందన్న కారణం మీద. పోర్టికో స్థానంలో వసారా వచ్చింది. నాలుగు పడకల వార్డులు మూడు, ఒంటరి గదులు నాలుగు. మూడో వంతు కాలేదు, నర్సమ్మగారు మన్నించాలి. రెండో మండువా కూడా పోయింది, ఒకటే మిగిలింది. వాహనాలు ఒకటితో మొదలుపెడతామన్నారు.

దక్షిణపు ముఖం గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఒక పెద్దాయన మొదటి నుంచీ మౌనంగా విని, అద్దెఇల్లు గారు రాసినది మళ్లీ ఒకసారి చదవమన్నారు. చదివాను. ఆ మెట్టుకు రాయి నేనిస్తానన్నారు. మిగిలినవారు ఆలోచిస్తామన్నారు, ఆ గేటు ప్లానులో ఇంకా పెన్సిలుతోనే ఉంది.

ఈ ఉదయం మడత మంచం పట్టుకెళ్లి, తూర్పు వార్డు రావలసిన చోట పడుకున్నాను. నేను అనుకున్న కిటికీలో నుంచి కనిపించింది విద్యుత్ స్తంభం, దాని మీద వేలాడుతున్న కేబులు చుట్ట. లేచి, మంచాన్ని ఉత్తరానికి పదకొండడుగులు జరిపి మళ్లీ పడుకుంటే పక్క పొలం గట్టు మీది తాడిచెట్లు మూడూ వచ్చాయి. వార్డు అక్కడికి జరుగుతోంది. ఆ పొలం ఎవరిదో, చెట్లు కొట్టకుండా ఉంటారేమో ఆదివారం వెళ్లి కనుక్కోవాలి.